పెద్దాయన మొదటి మాట

కొత్తవాడలో కులపంచాయితీ తీర్పు చెప్పి ఇంటికొచ్చిన పెద్దాయన, భార్య మొహం చూడలేక తల వంచుకుని చెప్పులు విప్పుతున్నాడు.

"పనికాడ సుహాసిని వేలు సేటు మరమగ్గం బెల్టుల పడి తెగె. సేటుకేం ఏసిన్రు?"

"దవాఖాన ఖర్చులిస్తడు."

"అవెట్లైనా ఇయ్యాల్సినయే. బెల్టుకు అడ్డంగ ఇనుప జాలి పెట్టుమని ఆ పిల్ల రెండుసార్లు చెప్పినా పెట్టలే. దానికి జుర్మానా?"

"ఏయలే."

"కిందటేడు తాగి కొట్లాడిన రామలింగానికి దవాఖాన ఖర్చులు గాక జుర్మానా గూడ ఏస్తిరి, బుద్ధి రావాలని."

"అందరు నా దిక్కే చూసిన్రు. మొదటి మాట నాదేనాయె. మన కొడుకు ఆ సేటు కాడ్నే పనిచేస్తాండు గదనే."

"పాపం, సుహాసిని ఏమన్నది?"

"నువ్వున్నవు గాబట్టే ఇదన్న దొరికింది బాబాయ్ అని, కట్టు గట్టిన చెయ్యితోనే దండం పెట్టింది."