నీది ఏ పార్టీ

నువ్వు కూసోమని అననే అనవు గని, నేనే కూసుంట కనకవ్వక్కా. లోపలికి రాను. గీ అరుగు మీదనే.

చింతపండు గింజలు తీస్తున్నవా? చాట ఇటు జర పెట్టు, నేను గూడ తీస్త. వద్దా? సరే, నీ ఇష్టం.

పొద్దటిసంది మా క్వార్టర్ల కాలు పెట్ట సందు లేదక్కా. దండలు, శాలువాలు, మిఠాయి డబ్బలు. నిన్నటిదాంక నా పేరు తెల్వనోల్లు గూడ ‘కార్పొరేటరమ్మా’ అంటున్నరు. మా ఆయన, మీ మరిది సంపత్, బొగ్గుబాయి డ్యూటీకి నాగ పెట్టి గేటు కాడ నిలబడ్డడు. నా మెడల కన్న ఆయన మెడలనే ఎక్కువ దండలున్నయి. గెలిచింది నేనా ఆయననా, నాకే సమజైతలేదు. గుడికి పోయొస్తనని చెప్పి ఇటు వచ్చిన.

ఎందుకొచ్చినవు రాజకుమారీ అని నువ్వు అడుగుతలేవు గని, నీ చూపు అడుగుతనే ఉన్నది.

ఆయన కండువల సంగతి నీకెరుకే గద. నా పెండ్లైన కొత్తల ఎర్రజెండ. గేటుకు గూడ ఎర్ర రంగే. యూనియన్ ఓడిపోయినంక ఇంకో రంగు ఏసిండు. తెలంగాణ వచ్చినంక ఇంకోటి. ఇప్పుడు గిది. గోరుతోని గీకితే గేటు మీద ఒక్కో పొర ఊడొస్తది. మారినప్పుడల్ల ఒక్కటే మాట, ‘నేను మనసుల మొదటిసంది గీ పార్టీనే’ అంటడు. అబద్దమాడుతున్నట్టు గూడ ఉండది అక్కా, నిజంగనే నమ్ముతడు.

మరి నేనేందని ఎవ్వలన్న అడిగిండ్రా? బియ్యం కార్డు కోసం అడిగిండ్రు, కులం అడిగిండ్రు, ఇంట్ల ఎంతమందని అడిగిండ్రు. నీ మనసుల ఏమున్నదని ఒక్కలడగలే. నేను గూడ నన్ను అడుక్కోలే. ఓట్లనాడు ఆయన ఏ గుర్తు చూపిస్తే గా గుర్తు. గట్లనే నడిచింది.

లారీలు ఆపిన దినం యాదికున్నదా? యాదికి లేకేం. బస్తీ నడుమకెల్లి బొగ్గు లారీలు, మీద పట్ట లేదు ఏం లేదు. తినే కంచంల నల్లటి దుమ్ము. పూలమ్మ మనుమరాలికి దగ్గు తగ్గక దవాఖాన చుట్టు తిరుగుడు. నువ్వు పోయి రోడ్డు మీద కూసున్నవు. నేను తమాష చూద్దామని వచ్చిన. నిజం చెప్తున్న, చూద్దామనే వచ్చిన. నీ పక్కపొంట జాగ ఉంటే కూసున్న.

గప్పుడు గా డ్రైవరు ఇంజను చాలూ జేసి మన మీదికి తోలుకొచ్చిండు. నువ్వు కదల్లే. నిన్ను జూసి నేను గూడ కదల్లే. లారీ ఆగింది. నాకు లోపల ఏదో సంతోషం. బతుకుల మొదటిసారి గది నాది అనిపించింది. ‘అక్కా, ఇది ఏ పార్టీ?’ అని అడిగిన. నువ్వు నవ్వినవు. ‘కూరల దుమ్ము పడద్దనే పార్టీ’ అన్నవు.

గాడనే, గా రోడ్డు మీదనే, నీ తమ్ముడు రాజం సంగతి చెప్పినవు. ఇంటర్ల ఉండంగ అన్నలల్ల కలిసి అడివికి పోయిండు, మల్ల రాలే. ఉన్నడో లేడో తెల్వది. ప్రతి పెత్రమాసకు, పోయినోల్లకు బియ్యమిచ్చేనాడు, తమ్ముని పేరు మీద బియ్యమిద్దామా వద్దా అని చేతుల చాట పట్టుకొని నిలబడతనన్నవు. ఇస్తే సచ్చిపోయిండని నువ్వే ఒప్పుకున్నట్టు. ఇయ్యకుంటే, నిజంగనే పోయి ఉంటే, ఆకలికుంటడు. ‘ఎవ్వలకు చెప్పకు చెల్లె’ అన్నవు. నేను నీ చెయ్యి పట్టుకున్న.

అటెనుక ఓట్లొచ్చినయి, మన వార్డు సీటు ఆడోల్లకొచ్చింది. నన్ను ఒక్క మాట అడగకుండ మీ మరిది నా పేరు ఇచ్చొచ్చిండు. బస్తీ ఆడోల్లంత కలిసి నిన్ను నిలబెట్టిండ్రు, కుట్టుమిషను గుర్తు మీద. వద్దని నేను అనొచ్చు. అన్లే.

చానల్ పిలగాడు మైకు పట్టుకొని మనిద్దర్ని చౌరస్త కాడ నిలబెట్టిండు చూడు. మీ భావజాలం ఏందమ్మా అని నిన్నడిగిండు. ‘లారీల మీద పట్టలు కప్పియ్యాలె, నల్లాల నీల్లు రావాలె, దవాఖానల మందులుండాలె. దానికేం పేరు పెడ్తవో నువ్వే పెట్టు బిడ్డా’ అన్నవు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాకు గూడ కొట్టబుద్ధైంది.

మైకు నా దిక్కు తిప్పిండు. నేను మీ మరిది మొకం చూసిన. ‘మా ఆయన ఏదంటే అదే’ అన్న.

ఎంత నవ్విండ్రక్కా. శ్రీరాంపూర్ల ఉన్న మా ఆడిబిడ్డ గూడ ఫోన్ల చూసి నవ్విందట. కూరగాయల బండి కాడ పోరగాల్లు నన్ను జూసి అదే మాట అనుడు. నేను తల దించుకొని పోవుడు. ఒక్క మాట చెప్తున్న విను. నవ్వినోల్ల మీద నాకు కోపం రాలే. నీ మీద వచ్చింది. నాకు తెలిసిన మాటలే గద నువ్వన్నయి. మరి నా నోట్లకెల్లి ఎందుకు రాలే?

ఇగ మీటింగుల నేనన్న మాట నువ్వు విన్నవు. బస్తీ అంత విన్నది. ‘కనకవ్వది మన అసొంటి పార్టీ కాదు, అడివిల పార్టీ. తమ్ముడు యాడున్నడో అడుగుండ్రి’ అన్న. తెల్లారి మఫ్టీల ఇద్దరు పోలీసోల్లొచ్చి నీ మంచం మీదనే కూసొని రాజం గురించి అడిగి పోయిండ్రట. ఇగ నీ ఎంబడి తిరిగే ఆడోల్లను ఇంట్లోల్లు బయటికి రానియ్యలే. నీ కొడుకు బిక్షం పెండ్లి మాటలు గూడ ఆగిపోయినయని పూలమ్మ చెప్పింది.

గందుకే వచ్చిన. నీకొకటి చెప్దామని. మీ మరిదికి గూడ తెల్వది.

నా ఓటు నీకే ఏసిన అక్కా.

ఒట్టు. అట్టచాటుకు పోయి కాయితం మీద నా పేరు చూసిన. నాది గాదనిపించింది. ముద్ర కుట్టుమిషను మీద గుద్దిన. బయటికొచ్చినంక మీ మరిది ‘ఏసినవా?’ అంటే, ‘ఏసిన’ అన్న.

నవ్వన్న నవ్వు. తిట్టన్న తిట్టు.

ఏంది? రాజం సంగతి సంపత్‌కు ఎట్ల తెల్సింది అంటున్నవా?

జర నీల్లుంటే ఇయ్యి. వద్దు, ఉండనియ్యి.

నేనే చెప్పిన.

ఆయన అడగలే. బెదిరియ్యలే, కొట్టలే. మాటలు ఆయన రాసిచ్చిండని నువ్వనుకుంటున్నవు, బస్తీ గూడ గట్లనే అనుకుంటున్నది. పాపం రాజకుమారి, మొగడు ఎట్ల ఆడిస్తే అట్ల ఆడుతది అంటున్నరట. నేను గూడ గట్లనే అనుకోనిచ్చిన. అన్నం తింటున్నప్పుడు ఆయన ‘కనకవ్వే గెలిచేటట్టున్నది, ఏం చేద్దాం’ అన్నడు, గంతే. నేను చారు పోసుకుంట చెప్పిన. రాజం పేరు, అడివి సంగతి, పెత్రమాస గూడ. ఆయన తినుడు బంద్ జేసి నా మొకం చూసిండు. ‘గిది చెప్పొచ్చునా?’ అని అడిగిండు, ఆయననే. చెప్పుదమని నేనన్న.

మా ఆయన ఏదంటే అదే అన్న మాట ఊకె రాలే అక్కా నా నోటికి. గట్లంటే ఏదొచ్చినా ఆయన మీదికే పోతది. నేను చల్లగ బతుకొచ్చు.

ఓటు సంగతి గూడ గంతే కావచ్చు. ఒక్క ముద్రతోని కడుక్కుందామని చూసిన. నువ్వు గెలవవని తెలిసినంకనే గద ఏసిన. గెలిచేటట్టుంటే ఏస్తుంటినో లేదో, నాకు తెల్వది. నిజంగ తెల్వది.

ఏమంటివి? గట్టిగ చెప్పు.

పూలమ్మోల్ల ముందట, బస్తీ ఆడోల్లందరి ముందట ఈ మాటే చెప్పుమంటవా? ఇప్పుడే, నీ ఎంబడి రమ్మంటవా?

నువ్వు లేచినవు, చెప్పులు తొడుక్కుంటున్నవు. నేను వస్తనని నిజంగనే అనుకుంటున్నవా అక్కా? ఇంత చెప్పినంక గూడ నన్ను నమ్ముతున్నవా?

రాను. వాల్లందరు నన్ను చూసే చూపు నేను ఓర్సుకోలేను. నీ ఒక్కదాని ముందట తల దించుకోవచ్చు, గంతమంది ముందట నాతోని కాదు. రేపు ప్రమాణమున్నది. కొత్త చీర తెచ్చి పెట్టిండు ఆయన. కట్టుకుంట. ఎవలన్న నాది ఏ పార్టీ అని అడిగితే కండువ చూపిస్త.

నువ్వు పో అక్కా, చెప్పుకో. కాదని మాత్రం అనను.

అనననే అనుకుంటున్న.