అరచేతి మచ్చలు

ఈ పుస్తకమా? నీదే, పట్టుకుపోదువుగాని, కూకో సాయిశంకరూ. రెండువేల ఇరవై నాలుగు ఆగస్టు పద్నాలుగు, బుధవారం, మొన్నేలే, ఆకాశమంతా మబ్బే గానీ చినుకు లేదు, ఉప్పుగాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతంది, కరెంటూ లేదు. చేసేదేటి లేక నీ పరీక్షల పుస్తకం తెరిచాను. మన జిల్లా స్వాతంత్ర్య వీరులట. అందులో ప్లీడరు గురునాథరావు గారు. నలభైరెండులో ఆర్నెల్లు జైలు. కింద జైలు రిజిస్టరు నకలు అచ్చేశారు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. గుర్తులు: రెండు అరచేతుల్లోనూ అడ్డంగా తాడు ఒరిసిన మచ్చలు.

ప్లీడరు చేతికి తాడు మచ్చలేటిరా? ఆయన కలం తప్ప ఏదీ పట్టి ఎరగడు. నీకు నూకాలు మావ తెలీదులే. జాలారిపేటలో పెద్దవల లాగేవాడు. ఆ వలకో కట్టుబాటుంది. తాడు మీద చెయ్యేసినోడికల్లా ఒక పాలు, దారినపోయేవాడైనా సరే. ఇసకలో వాడి పేరున చేపల కుప్ప పెడతారు. నానూ కాలేజీ ఎగ్గొట్టి తాడు పట్టీవోణ్ణి, కంపుకి మా అమ్మ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. సర్లే, అది వేరు.

డెబ్బైమూడులో సమరయోధుల పింఛనని అందరికీ అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. బీయే కదా. మావొచ్చాడు. "బాబూ, నలభైరెండులో అరెస్టుకి కొత్త పోలీసు దొరొచ్చినాడు. ఆడు ప్లీడరు బాబుగోరి మొకమెరగడు. బాబుగోరేమో, ఇంట్లో ఆడమనిసి నొప్పులు పడతంది, రెండ్రోజుల్లో నేనే వచ్చి లొంగిపోతాను, అందాకా నువ్వెళ్ళరా అన్నారు. ఆరి టోపీ ఎట్టుకుని, నానే గురునాథరావునని ఎల్లిపోనాను. ఆర్నెల్లూ రానేదు" అన్నాడు.

నానేటన్నానో తెలుసా? "నువ్వు ప్లీడరువా మావా? పొద్దున్నే వేసీసావేటి?" అని నవ్వాను. అయినా అర్జీ రాసి, వెళ్ళి గురునాథరావు గారిని అడిగాను. పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని, "పాపం, ఎండలో తిరిగి తిరిగి మతి చలించిందయ్యా" అన్నారు. పెద్దమనిషి మాట. వచ్చి అర్జీ చింపేశాను. మావ ఆ ముక్కలు చూసి, "తాడు నానట్టినాను బాబూ, కుప్ప ఇంకోడెత్తుకున్నాడు" అన్నాడు. అప్పుడైనా ఆ అరచేతులు తిప్పి చూడొచ్చు కదా. చూళ్ళేదు. ఆరేళ్ళకి పోయాడు.

గురునాథరావు గారి పింఛను ఆయన తరవాత భార్యకి. సమరయోధుడికిచ్చిన రుషికొండ దారిలో జాగా కొడుకు గంగాధరరావుకి, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంటు. ఆ కోటాలో సీటు మనవరాలు అనూరాధకి. మావ కూతురు సన్యాసమ్మకి ఏటీ లేదు. నిన్న గుమ్మంలో చేపల తట్ట దించి కవళ్ళేసింది. "మా నాయనకి అర్జీ రాసినోడివి" అని ఇంకో గుప్పెడు ఎక్కువ తీసింది. పుస్తకం నా ఒళ్ళోనే ఉంది, వేలు ఆ పేజీలోనే ఉంది.

ఈయేళ కవళ్ళు బావున్నాయే అన్నాను. గిన్నె పట్టాను.