మొసలి దవడలో పిస్టన్

"పాత మోటారుకి పిస్టన్ రింగులు మార్చగలనా అనా? అమ్మా, ఆ మాట నన్నా అడగడం!" స్పానర్ బాబాయ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

అడిగినావిడది అవతలి ఒడ్డు. పడవ నడుపుకుని బతుకుతుంది. స్టార్టు చేసే తాడు ఎంత లాగినా బిగువు లేకుండా జారిపోతోందని మోటారుని తోపుడుబండి మీద ఈ రేవుకి తెచ్చింది. పారేసి కొత్తది కొనుక్కోమని ఇద్దరు మెకానిక్కులు అప్పటికే చెప్పేశారు.

"ఇది తిరక్కపోతే నా పొయ్యి వెలగదు. చెయ్యి తిరిగినవాళ్ళకే ఇస్తాను," అందావిడ.

అంతే. టీ కొట్టు అక్క స్టవ్ మంట తగ్గించింది. వలలు అల్లే పెద్దాయన చేతిలో దారం ఆపాడు. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళ కిందటి మాటమ్మా. పని మీద మీ ఒడ్డుకొచ్చా. ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రేమో ఇవతల. నది ఒడ్డులొరుసుకుని పారుతోంది, తెడ్లకి లొంగేలా లేదు. ఉన్న ఒక్క మోటారు పడవకీ రింగులు అరిగిపోయాయి. నా సంచిలో కొత్తవి ఉన్నాయి. ఇసకలో కూర్చుని మార్చేశా. చిన్న పని."

"ఎంతసేపు పట్టింది?" అంది అక్క.

"పది నిమిషాలు! అదీ ఎక్కడ? నది నడిమధ్యలో!"

"ఇప్పుడేగా ఇసకలో అన్నావు?" అన్నాడు పెద్దాయన.

"ఇసకలో మొదలెట్టా. ఈలోగా పడవ కొట్టుకుపోయింది. నన్ను చెప్పనిస్తావా పెద్దాయనా? పిస్టన్ బయటికి తీద్దును కదా, రింగులు మసి పట్టి గాడిలో అతుక్కుపోయి ఉన్నాయి. విరిగిన పాత రింగు ముక్కతోనే ఆ గాడి గీకి అద్దంలా చేశా. అంతలో కొత్త రింగు చెయ్యి జారి నీళ్ళలో పడింది. ఏం చేశానో తెలుసా? దూకా! రింగు ఇంకా సగం దారిలోనే ఉంది, నేను అడుక్కెళ్ళి చెయ్యి చాపుకుని కూర్చున్నా. నింపాదిగా వచ్చి అరచేతిలో పడింది."

"తడవలేదూ?"

"రింగు తడవనిస్తానా అక్కా, తుప్పు పట్టదూ! పైకొచ్చి దాన్ని సిలిండర్లో పెట్టా. కొసల మధ్య సందు ఎంతుందో కొలవాలి. గేజు లేదు. కనురెప్ప వెంట్రుకొకటి పీకి దూర్చా. అతికినట్టు సరిపోయింది. ఇక పిస్టన్ని కదలకుండా పట్టుకోడానికి వైస్ కావాలి. నడి నదిలో వైస్ ఎవడిస్తాడు? సరిగ్గా అప్పుడే ఓ మొసలి నోరు తెరుచుకుని వచ్చింది."

"అమ్మో!"

"అమ్మో ఏమిటి, పిలిచినట్టు వచ్చిందది! పిస్టన్ దాని దవడల మధ్య పెట్టి ముక్కు మీద ఒక్కటిచ్చా. కరిచి పట్టుకుంది. గాడిలో చిన్న మేకుంటుంది చూడు, రింగు కొసలు దానికి అటూ ఇటూ కూర్చోవాలి. తీరిగ్గా కూర్చోబెట్టి, 'ఇక వెళ్ళమ్మా' అన్నా. వెళ్ళిపోయింది. ఇప్పటికీ నన్ను చూస్తే నోరు తెరుస్తుంది, పనేమైనా ఉందేమోనని.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాడు ఒక్క గుంజు గుంజా. పడవ నీళ్ళొదిలేసి గాల్లోకి లేచింది. రేవు దాటి, మెట్లెక్కి, ఆసుపత్రి వరండాలో ఆగింది. డాక్టరమ్మ వచ్చి చూసి 'నొప్పులేవీ?' అంది. లేవు! మేమొచ్చిన వేగానికి నొప్పులు నది మధ్యలోనే ఉండిపోయాయి. అవొచ్చి మమ్మల్ని అందుకునేదాకా అరగంట అందరం బల్ల మీద కూర్చున్నాం!"

పెద్దాయన దగ్గాడో నవ్వాడో తెలియలేదు. అవతలి ఒడ్డు ఆవిడ మాత్రం నెమ్మదిగా టీ పూర్తి చేసింది.

"నొప్పులెక్కడా ఉండిపోలేదు బాబాయ్. దారంతా నాతోనే వచ్చాయి."

బాబాయ్ ఆవిడ మొహంలోకి తేరిపార చూశాడు.

"ఆ అమ్మాయిని నేనే. రెండు గంటలు ఇసకలోంచి లేవకుండా రింగులు మార్చావు. ఒక్క గుంజుకే స్టార్టయింది, అది నిజం. కానీ మోటారు రొద పెడుతోంది, పడవ కదలదు. 'ఎక్కడో తప్పు చేశాను, మళ్ళీ విప్పాలి' అని నువ్వు ఏడుపు మొహం పెట్టావు. పడవ కట్టిన మోకు విప్పలేదు మొర్రో అని ఆ నొప్పుల్లో నేనే అరిచాను!"

టీ కొట్టు అక్క నవ్వాపుకోలేక పాలగిన్నె దించేసింది. బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. తగ్గు గొంతుతో అడిగాడు:

"మరి... పాపా, బాబా? నేను రేవులోనే ఉండిపోయా. ఎవరూ చెప్పలేదు."

"పాప. ఇప్పుడు నాతోపాటు పడవ నడుపుతోంది." ఆవిడ మొహంలోకి అప్పుడొచ్చింది నవ్వు. "నువ్వు వేసిన ఆ రింగులు తొమ్మిదేళ్ళు తిరిగాయి. అందుకే వెతుక్కుంటూ వచ్చాను. నీ కథలో మొసలి దగ్గర మాత్రం లేచి వెళ్ళిపోదామనుకున్నాను."

బాబాయ్ లేచి, మోటారు మూత విప్పి, లోపలికి తొంగి చూశాడు.

"సాయంత్రానికి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు. "ఎవరూ నన్ను మాట్లాడించకపోతే."