పిడి లేని తలుపు

సెలవు రోజు మధ్యాహ్నం, కార్ల కంపెనీ షెడ్డు. ఇంకా అమ్మకానికి రాని ఎలక్ట్రిక్ కారు. ముందు సీటులో దాని తలుపులు తయారుచేసిన ఇంజినీరు, వెనక సీటులో బడిలో పాఠాలు చెప్పే అతని భార్య.

“అది కాదండీ, తలుపుకి పిడేదీ? ఎక్కడ పట్టుకుని తియ్యాలి?”

“పట్టుకోనక్కర్లేదు పంతులమ్మా. ఆ చెక్క పట్టీ మీద వేలు ఆనించు చాలు. అదే తెరుచుకుంటుంది.”

“అబ్బో! మరి బయట?”

“బయటా అంతే. మనిషి దగ్గరికొస్తే తెరుచుకుంటుంది. పిడి లేకపోతే గాలికి ఎక్కడా అడ్డుండదు, బండి నున్నగా జారిపోతుంది. పెడల్ మీద కాలు అలా ఆనిస్తే వీపు సీటుకి అతుక్కుపోవాల్సిందే. చప్పుడుండదు. బ్యాటరీ మొత్తం నీ కాళ్ళ కింద పరిచేశాం కదా, మలుపు తిరిగినా ఒరగదు.”

“బాగుందండీ. మన పరుపుకన్నా మెత్తగా ఉంది. ఇంత మంచిదాన్ని చూపించడానికి తీసుకొచ్చి, ఆ మొహం ఏమిటి?”

“ఏ మొహం?”

“లెక్కల పరీక్షకొచ్చిన పిల్లాడి మొహం.”

“రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదులే.”

“రాత్రేనా?”

“అదలా ఉంచు. ఇప్పుడు కరెంటు తీసేస్తున్నాను. భయపడకు.”

“ఎందుకు తియ్యడం?”

“ఊరికే. చూద్దామని.”

“ఏం చూద్దామని? అయ్యో, అన్నీ ఆరిపోయాయేమిటి? ఏసీ కూడా ఆగింది.”

“ఎక్కడో గుద్దుకుని కరెంటు పోయిందనుకో. ఇప్పుడు దిగు.”

“ఎలా దిగను? ఈ చెక్క పట్టీ పలకడం లేదు.”

“పలకదు.”

“అద్దం దించండి.”

“అదీ దిగదు.”

“అయితే మీరే తియ్యండి.”

“నేను లేననుకో.”

“అవేం మాటలండీ! సరదాగా కారెక్కుదాం రా అని తీసుకొచ్చి... ఏమండీ? మాట్లాడరేం? ఉక్కపోస్తోంది. ఏమండీ! ఆటలొద్దు, నాకు ఊపిరాడటం లేదు. భగవంతుడా... ఇదిగో, వచ్చింది.”

“తీశావా?”

“తీశాను. తలుపు తెరుచుకుంది చూడండి.”

“తీశావు! నిజంగా తీశావు! కాళ్ళ దగ్గర కార్పెట్ అంచు ఎత్తి, ఎర్ర తాడు లాగావు! ఏదీ, నిజం చెప్పు, ఆ తాడు నీకు నేనెప్పుడైనా చూపించానా?”

“చూపించలేదు.”

“ఈ కారు బొమ్మైనా చూశావా?”

“లేదండీ.”

“దేవుడున్నాడు! గుండెల మీంచి బండ దించావు.”

“ఏం బండ? ముందది చెప్పండి.”

“రేపు ఈ తలుపుల మీద నా సంతకం కావాలి. అది పడితేనే కారు బయటికెళ్తుంది. ఆ తాడు పైకి కనబడేలా పెడదామని మొదట్నుంచీ మొత్తుకున్నాను. మా కంపెనీ పెద్దాయన వింటేగా! ఇంత ఖరీదైన తోలు మీద ఎర్ర తాడు వేలాడితే, పెళ్ళికూతురి బుగ్గ మీద ప్లాస్టర్ అంటించినట్టు ఉంటుందంటాడు.”

“బుగ్గ సంగతి సరే. దాచిపెడితే ఎవరికి దొరుకుతుందనుకున్నారు?”

“పరీక్ష పెట్టాంగా. అందరికీ దొరికింది.”

“అందరూ అంటే?”

“షెడ్డులో వాళ్ళమే. గీసినవాళ్ళు, కుట్టినవాళ్ళు, బిగించినవాళ్ళు.”

“దాచినవాళ్ళే వెతికారన్నమాట.”

“అదేగా నన్ను తొలిచేసింది! బయటివాళ్ళని పిలుద్దామంటే కుదరదు, కారు రహస్యం. మా ఆవిడొక్కదానికి చూపిస్తానని పెద్దాయన్ని బతిమాలి నిన్ను తీసుకొచ్చాను. పొద్దున దేవుడి ముందు నిలబడి అనుకున్నాను. నువ్వు కనుక్కుంటే సంతకం పెడతాను, లేదంటే ఉద్యోగం పోయినా పెట్టను అని.”

“ఉద్యోగం పోతుందా?”

“నా మూలంగా కారు ఆగిపోతే ఉంచుతారా? ఇప్పుడా గొడవ లేదులే. అలా కూర్చుండిపోయావేం? దిగు. కారు అమ్మకానికొచ్చాక మన పిల్ల బుజ్జిదాన్నీ ఎక్కిద్దాం, ఇదే సీటులో.”

“దేవుణ్ణి అలా పందెంలోకి లాగొచ్చాండీ?”

“పందెం కాదు. అడిగాను, ఆయన చెప్పాడు. నీ చేత్తోనే చెప్పాడు.”

“నా చేత్తో కాదేమో.”

“మొదలెట్టావా! శుభమా అని అంతా తేలిపోతే నీ సందేహాలొకటి. నీకెలా తట్టిందో అది చెప్పు, పెద్దాయనకి చెప్పాలి. కార్పెట్ అంచు లేచినట్టు కనబడిందా? కుట్టు తేడాగా అనిపించిందా?”

“నేనేమీ చూడలేదు. భయమేసింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది.”

“ఆహా! దానంతటదే! పెద్దాయన కూడా అదే అంటాడు, అవసరమొస్తే మనిషి చెయ్యి అక్కడికే వెళ్తుందని. నేనే అనవసరంగా...”

“ఏమండీ.”

“ఊఁ?”

“మీకు ఉద్యోగం పోతే, ఇంకోటి దొరికేదాకా నా జీతంతో నెట్టుకొద్దాం.”

“ఇప్పుడదెందుకు? కనుక్కున్నావుగా!”

“నేను కనుక్కోలేదండీ. ఏ కార్పెట్టో, ఏ తాడో ఇవాళ్టిదాకా నాకు తెలీదు, పని గురించిన పలవరింతలే అనుకున్నాను. రోజూ నిద్రలో మీరే చెబుతున్నారు, ‘కాళ్ళ దగ్గర, కార్పెట్ కింద, ఎర్ర తాడు... లాగు బుజ్జీ, లాగు తల్లీ!’ అని.”