కండ్ల సప్పుడు

సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు ఇంకా కదలలేదు. చెవి ఆపరేషన్ తర్వాత హైదరాబాదులో ఆఖరి పరీక్ష చేయించుకొని వస్తున్న కోడలి చేతిలో అత్త కరకరలాడే సకినం ఒకటి పెట్టింది.

"తిను బిడ్డా."

"జర ఆగు అత్తమ్మా. భయమైతుంది."

"ఇగ ఏదైనా నమలొచ్చని డాక్టరమ్మ చెప్పె గద."

"చెప్పింది. కానీ ఇన్నేండ్ల సంది ఏది నమిలినా మిర్యాలగూడ రైసు మిల్లులన్నీ నా తలకాయల నడిచినట్టే ఉండె."

"కండ్లు తిప్పినా సప్పుడైతదంటివి. గాలి సోకిందేమో అనుకున్న."

"అనుకొని ఊకున్నవా? తాయెత్తు కట్టిస్తివి, యాపమండలతోని కొట్టిస్తివి."

"చెవి లోపట ఎముకకు పొక్క పడితే ఒంట్ల సప్పుళ్లన్నీ గట్ల వినొస్తయని నాకేమెరుక? కోదాడ డాక్టరుకే అంతు చిక్కకపాయె."

"డాక్టరమ్మ స్కానింగుల ఆ రంధ్రం సూపెట్టి, నీకు పిచ్చి లేదమ్మా అన్నది. ఆపరేషన్ కంటె ముందు ఆ మాటకే నాకు సగం నయమైంది."

"సరే, ఇగ కొరుకు."

కోడలు సకినం కొరికి మెల్లగా నమిలింది.

"ఏందే, ఏడుస్తున్నవ్? మళ్ల మిల్లు నడుస్తుందా?"

"లేదత్తమ్మా. సకినం సప్పుడు నోట్లనే ఉంది. ఇంకోటియ్యి."

"మరి కండ్లు?"

"తిప్పి సూసిన. ఏం సప్పుడు లేదు. ఇన్నేండ్లు కోపమొచ్చి నీ దిక్కు కండ్లు తిప్పుదామన్నా, ఆ సప్పుడుకు నాకే గుండె దడదడ కొట్టుకుంటుండె. ఇయ్యాల కసిదీర తిప్పిన."

"నేను సూడనే సూసిన. ఇగో, ఇంకో సకినం తిని మళ్ల తిప్పు."