పోయిన తమ్ముడికి కులం సర్టిఫికెట్

హలో… ఆ, ఘసీటా, నేనేరా, సుఖరాణి అక్కని…

సరేలే, స్వామి నిర్వికల్పానంద గారూ. నమస్కారం. చెప్పండి…

అవును, తహసీల్ ఆఫీసు నుంచి లేఖపాల్ వచ్చాడు. నీ కులం సర్టిఫికెట్ విచారణకే. ఇక్కడే మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు…

ఏం చెప్పానా? ఉన్నదే చెప్పాను. మా తమ్ముడు పోయాడని…

అరవకు. మఠంలో చేరిన రోజు గంగలో మునిగి నీకు నువ్వే పిండం పెట్టుకోలేదూ? ఇకమీదట నాకు కులం లేదు, ఇల్లు లేదు అన్నావ్. అమ్మ ఏడుస్తూనే ఊరందరికీ పూరీలు పెట్టింది. నీ దినం భోజనం నేనూ తిన్నాను… బాగానే ఉంది, కూరలో ఉప్పు తగ్గింది.

ఓహో… ఎలక్షన్లో రిజర్వుడు సీటు ఇస్తామన్నారని బతికొచ్చావన్నమాట.

తండ్రి పేరు దగ్గర మీ గురువుగారి పేరు రాశావట కదా. పాపం, ఆయన పుట్టు బ్రహ్మచారి కదరా…

సాక్ష్యమా? చెప్తాను. వీడు బుట్టలల్లే బసోర్ల బిడ్డే, పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే వీడైనా దక్కాలని అమ్మ చెత్తకుప్ప మీద ఈడ్చి, ఈడ్చినోడని ఘసీటా పేరు పెట్టిందని చెప్తాను. కానీ ఒక్క షరతు…

డబ్బెవడికి కావాలి? అమ్మ పోయిందని కబురు పంపితే ఏమన్నావ్? సన్యాసికి తల్లి ఉండదన్నావ్. చితికి నిప్పు నేనే పెట్టాను. కడుపు మండిపోయిందిరా ఆ రోజు…

అందుకే, రేపు రా. మన వాకిట్లో కింద కూర్చుని నా చేతి రొట్టె తిను. అమ్మ ఫొటో ముందు ఒక్కసారి అమ్మా అను. అంతే…

వస్తావా?… నిజంగానే?… సరే, సరే. నీకిష్టమని వంకాయ కాల్చి పెడతాను. వాకిలి అలికిస్తాను…

ఆ?… వంటవాడా? మఠం నుంచా?… ఎందుకురా, నా చేతులకేమైంది?…

అంటే, మా వాకిట్లో తిన్నట్టు పేపర్లో ఫొటో పడాలి. మా పొయ్యి మీద వండింది మాత్రం నోట్లోకి పోకూడదు…

పెద్ద పెద్ద భక్తులు… ఊఁ… ఏమనుకుంటారోనని…

లేదు, కోపం లేదు. ఫోన్ పెట్టకు. నువ్వూ విను.

లేఖపాల్ బాబూ, టీ అయిందా? ఇందాక చెప్పిందే రాసుకోండి. మా తమ్ముడు ఘసీటా పోయాడు. దినం భోజనం కూడా తిన్నాం.

…విన్నావుగా? ఉంటాను.