చెల్లి కట్టిన పాట

పొందూరులో దాలమ్మ నూలు వడికే పాఠాలను వీడియోలుగా అమ్మబోతున్న త్రినాథ్, మొదటి పాఠాన్ని ఆమెకు ఫోనులో చూపించాడు.

"ఏటిరా, ఆ సినిమా పాట తీసేసినావా?"

"అమ్మే వీడియో కదత్తా. పాట ఓనర్లు రాసివ్వాల. అడిగితే కుదరదన్నారు. అందుకే సేప దవడతో దూది ఏకుతూ నువ్వు పాడిందే ఎట్టినాను. ఈ కాయితం మీద సంతకం సెయ్యి."

"అది నాది కాదురా. పోయిన మా సెల్లి కట్టిన పాట."

"అయితే ఆవిడ కూతురు ఝాన్సీ సంతకం ఎట్టాల. మీ ఇద్దరికీ మాటల్లేవు కదా... ఇంకో పాట సూస్తానులే."

"నాలుగేళ్లయిందిరా. ఏటని పలకరించాలో తెలీక ఊరుకున్నాను."

"మరేటి సెయ్యమంటావు?"

"దానికి ఫోను కలుపు. అడగడానికి ఇన్నాళ్లకి ఏదో ఒకటి దొరికింది."